ఉత్సాహాన్ని చెప్పే ఆంగ్ల పదాలు: ఏ మాట ఎవరికి తగును?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)

నమస్కారం. మా కార్యాలయంలో లెక్కల విభాగంలో 32 ఏళ్లు పనిచేసిన ఒక తెలుగు పెద్దావిడ గత నెల పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో చదవడానికి ఆంగ్లంలో ఒక పుట రాసే బాధ్యత నాకు అప్పగించారు. లిఫ్టు ఉన్నా మూడో అంతస్తు వరకు రోజూ మెట్లెక్కి వచ్చే మనిషి కాబట్టి ఆమెను 'స్ప్రైట్లీ' అని వర్ణించాను. నిఘంటువులో ఆ మాటకు 'చురుకైన, హుషారైన' అనే అర్థాలే కనిపించాయి. సభ ముగిశాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అంత ముసలిదాన్నైపోయానా అమ్మా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గాని, ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. స్ప్రైట్లీ, వివేషస్, స్పిరిటెడ్, యానిమేటెడ్, ఎబులియంట్, వీటన్నిటికీ ఇంచుమించు అవే తెలుగు మాటలు ఇస్తున్నప్పుడు తేడా ఎలా తెలుసుకోవాలి? ఆవిడకు ఒక ఉత్తరం రాసి ఆ పొరపాటు దిద్దుకోవాలని ఉంది.

సమాధానం (మైలాపూరు)

అమ్మా, నిఘంటువు మీకు అబద్ధం చెప్పలేదు, కాని ఆ మాటను ఎవరి గురించి వాడతారో చెప్పలేదు. లాటిన్‌లో ఊపిరికి 'స్పిరిటుస్' అని పేరు. అది ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి వచ్చి 'స్ప్రైట్' అయింది, అంటే గంతులు వేసే చిన్న వనదేవత వంటిది. పుట్టుకలో వయసు ప్రసక్తి లేకపోయినా, నేటి వాడుకలో ఎనభై ఏళ్ల తాతగారినే ఎక్కువగా స్ప్రైట్లీ అంటారు. 'ఈ వయసులో కూడా' అన్న ఆశ్చర్యం అందులో దాగి ఉంటుంది. ఆవిడ చెవికి వినిపించింది అదే.

వివేషస్‌ది వేరే చిక్కు. లాటిన్‌లో బతకడం అన్న క్రియ నుంచి వచ్చినా, దాన్ని ఎక్కువగా స్త్రీల గురించే, అందులోనూ వయసులో ఉన్నవారి మాటతీరు, కళాకాంతుల గురించే వాడతారు కనుక, 32 ఏళ్ల కొలువును గౌరవించే పత్రంలో అది అతకదు. యానిమేటెడ్ అంటే ఆ కాసేపటి సంగతి: మాట్లాడుతూ మాట్లాడుతూ చేతులు ఊపడం, కళ్లు పెద్దవి చేయడం. స్పిరిటెడ్‌కు మాత్రం ఎదుట ఏదో ఒక అడ్డు ఉండాలి. ఓడిపోతూ కూడా చివరి బంతి వరకు పోరాడిన జట్టుదీ, కళ్లేనికి ఒక పట్టాన లొంగని గుర్రానిదీ ఆ గుణమే.

సమాధానం (టి. నగర్)

ఎబులియంట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో దాన్ని కంటితో చూడవచ్చు. సంక్రాంతినాడు వాకిట్లో పసుపుకొమ్ము కట్టిన కుండలో పాలు మరిగి, నురగ అంచు దాటి పక్కలకు జారగానే, చుట్టూ నిలబడ్డ పిల్లలు 'పొంగలో పొంగల్' అని కేకలు వేస్తారు. ఆ లాటిన్ క్రియకు అర్థం సరిగ్గా ఇదే: బుడగలు కట్టి మరిగి పైకి పొంగడం. 'సంతోషంతో పొంగిపోయాడు' అని మనం అనే మాటకు అంతకంటే దగ్గరి ఆంగ్లం నాకు తెలియదు. ఎగ్జూబరెంట్ కూడా పాలకు సంబంధించినదే. దాని మూలంలోని 'ఊబెర్' అంటే పొదుగు. చేపుకు వచ్చిన ఆవును తలచుకుంటే ఆ మాటలోని సమృద్ధి వెంటనే బోధపడుతుంది. ఇంత అందమైన మాటలను మనవాళ్లు 'ఉత్సాహభరితమైన' అన్న ఒక్క అనువాదంతో సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

సమాధానం (అన్నానగర్)

పైవారి వివరణ బాగుంది గాని, ఉత్తరానికి ఇంత బరువైన మాటలు అక్కరలేదని నా అభిప్రాయం. 'లైవ్లీ' అంటే ఎవరూ నొచ్చుకోరు. పనిలో చురుకును చెప్పాలంటే 'ఎనర్జెటిక్' కూడా సరైనదే, దాని గ్రీకు మూలంలో ఉన్నదే 'పని' అన్న అర్థం. ఇలాంటి తేడా తెలుగులోనూ ఉంది కదా: పిల్లలను చలాకీ అంటాం, పెద్దవారికి జవసత్వాలు తగ్గలేదంటాం, పెళ్లివారి ఇల్లు కళకళలాడుతోందంటాం. వీటిని తారుమారు చేస్తే తెలుగులోనూ నొప్పి కలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గుర్రం పోలిక చదవగానే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం లెక్క సరిగా లేని ఒక బిల్లుపై సంతకం చేయమని పైవారు ఒత్తిడి చేస్తే, ఆవిడ ఆ ఫైలును గుండెకు ఆనించుకుని సాయంత్రం దాకా బల్ల దగ్గరే నిలబడ్డారు, సంతకం మాత్రం చేయలేదు. ఆవిడకు తగిన మాట స్పిరిటెడ్ అని ఇప్పుడు తెలిసింది. మెట్ల ప్రస్తావన తీసివేసి, ఉత్తరంలో ముందుగా ఆ రోజు జరిగింది రాసి, దాని వెంటనే ఆ మాట పెడతాను.