తెల్లముక్కు రోగం: మిగిలిన గబ్బిలాలు 'నేర్చుకున్నాయా'?

జువాలజీ_కావలి:
రిటైరయ్యాక చదువుకునే తీరిక దొరికింది కాబట్టి ఒక ప్రశ్న పెడుతున్నాను. 2006 ఫిబ్రవరిలో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హౌ కేవర్న్స్ గుహలో తీసిన ఒక ఫోటోలో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి బూజు కనిపించింది. కథ అక్కడ మొదలైంది. 2012కల్లా 57 నుంచి 67 లక్షల గబ్బిలాలు పోయాయని అంచనా వేశారు.

ఆ గబ్బిలాలు పురుగుల్ని తిని బతికేవి. చలికాలంలో పురుగులుండవు. అందుకని ఒంటి వేడిని గుహ వేడి దాకా దించేసుకుని, ఒంట్లో కొవ్వును పైసా పైసా ఖర్చుపెడుతూ నెలల తరబడి పడుకుంటాయి. రెండు మూడు వారాలకోసారి కాసేపు లేస్తాయి, అంతే. బూజు రెక్కల్ని తినేస్తే ఒంట్లో నీరు తగ్గిపోతుంది, మాటిమాటికీ మెలకువ వస్తుంది. లేచిన ప్రతిసారీ కొవ్వు కరుగుతుంది. చలికాలం సగంలోనే నిల్వ అయిపోయి, మంచులోకి ఎగిరి పడి చస్తాయి.

అయితే 'లిటిల్ బ్రౌన్' అనే జాతిలో మిగిలినవి కొన్నిచోట్ల నిలదొక్కుకుంటున్నాయి. రోగం వచ్చాక ఇవి గుంపుగా కాకుండా విడివిడిగా వేలాడటం బాగా పెరిగింది. నిలదొక్కుకున్న చోట్ల చలికాలానికి ముందే ఎక్కువ కొవ్వు పట్టి ఉంటున్నాయి. మన కళ్లముందే ఒక జీవి నేర్చుకుంటోంది. మనిషి ఇందులో వేలు పెట్టకపోతేనే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కనిగిరి_కుర్రోడు:
రోహిణి కార్తెలో ఈ టాపిక్ చదువుతుంటేనే ఒళ్లు చల్లబడింది సార్.

చీమకుర్తి_రాయి:
మన వైపు వస్తుందా అది? మా వీధి చివర పాత బంగళా నిండా గబ్బిలాలే.

జువాలజీ_కావలి:
భయం లేదు. ఆ బూజు 12 నుంచి 16 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది, 20 దాటితే పెరగదు. మనకు డిసెంబరు రాత్రి కూడా దానికి ఎండాకాలమే. పైగా మన ఊళ్లలో గబ్బిలాలు నెలల తరబడి అలా పడుకోవు.

ఉప్పుటేరు95:
అంతా బాగా రాశారు సార్, ఒక్క మాట తప్ప. 'నేర్చుకుంటోంది' అన్నారు. ఎవరు నేర్పారు? వంద పడుకుంటే తొంభై పైన చచ్చిన గుహలున్నాయి. బతికినవి ముందు నుంచే లావుగా ఉన్నవేమో. లావుగా ఉన్నది బతికితే, లావు కావడం నేర్చుకున్నట్టా?

జువాలజీ_కావలి:
ప్రకృతి వరణం సంగతి నాకు తెలియదనుకోకండి, ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది అదే. మిగిలిన వాటి జన్యువుల్లో కూడా తేడాలు కనిపించాయి. కానీ విడిగా వేలాడటం ప్రవర్తన. దాన్ని నేర్చుకోవడం అంటే తప్పేమిటి? మాటలు పట్టుకుని వేలాడకండి.

కనిగిరి_కుర్రోడు:
వేలాడేది గబ్బిలాలు సార్ 😀

ఉప్పుటేరు95:
మాట దగ్గరే ఉంది తిరకాసంతా. ఇండియానా గబ్బిలాలని ఇంకో జాతి ఉంది. అవి రోగం వచ్చాక కూడా ఒకదాన్నొకటి అతుక్కునే పడుకున్నాయి, తగ్గుతూనే పోయాయి. వాటికి మీ బళ్లో సీటు దొరకలేదా? మా అబ్బాయి ఇంకొకటి చదివి చెప్పాడు. మిషిగన్, విస్కాన్సిన్ గుహల మీద 2021లో వచ్చిన పరిశోధన. వెచ్చగా ఉండే మూలల్లో బూజు ఎక్కువ, చావులూ ఎక్కువ. చల్లటి మూలల్లో పడుకున్నవి ఎక్కువ బతికాయి. అయినా చాలా గబ్బిలాలు ఏటా వెచ్చటి మూలకే పోతున్నాయట. చావున్న చోటికే వెతుక్కుంటూ పోవడం నేర్చుకున్న లక్షణమా?

అల్లూరు_అక్క:
తెనాలి రామలింగడి పిల్లి ఒక్కసారికే నేర్చుకుంది. పాలగిన్నె చూస్తేనే పరుగు.

జువాలజీ_కావలి:
పిల్లి మూతి కాల్చుకుని బతికింది కాబట్టి నేర్చుకుంది. వెచ్చటి మూలలో చచ్చిన గబ్బిలం ఎలా నేర్చుకుంటుంది? సరే, ఆ పదం వెనక్కి తీసుకుంటాను, సంతోషమేనా? అసలు విషయానికి రండి. ఇదే బూజు యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది, అక్కడ గబ్బిలాలు గుంపులు గుంపులుగా చావవు. బూజూ అవీ కలిసి బతకడం అలవాటైంది. అమెరికాలోనూ కాలం ఇస్తే సర్దుకుంటుంది. గుహలో మందు చల్లితే అక్కడ బతికే మిగతా సూక్ష్మజీవులన్నీ పోతాయి. ఓపిక పట్టాలి.

ఉప్పుటేరు95:
ఓపిక పట్టాలి. ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను సార్.

1995, టైగర్ రొయ్య, తెల్లమచ్చ వైరస్. అల్లూరు దగ్గర మా నాన్నది ఐదెకరాల చెరువు. ఒకరోజు పొద్దున, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. రెండో రోజు రొయ్యలు గట్టు అంచుకొచ్చి ఆనుకున్నాయి. వల అక్కర్లేదు, చేత్తో తీయొచ్చు. తలచిప్ప ఒలిచి వెలుగుకి పెట్టి చూస్తే ఉప్పు పలుకులు అంటించినట్టు తెల్లటి మచ్చలు. వారం తిరక్కుండా చెరువు మొత్తం పోయింది. అప్పుడు ఒక చదువుకున్నాయన వచ్చి, బతికినవి గట్టిపడతాయి, రెండు పంటలు ఓపిక పట్టండి అన్నాడు. పట్టాం. రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. అమ్మ గాజులు బ్యాంకుకి పోయాయి, మళ్లీ ఇంటికి రాలేదు. టైగర్ గట్టిపడలేదు సార్. మేమే టైగర్‌ని వదిలేశాం. 2009 తర్వాత బయటి దేశాల నుంచి రోగం లేని తల్లి రొయ్యల్ని తెచ్చి వెనామీ అనే వేరే రకం రొయ్య వేసుకున్నాం. గబ్బిలాలకి వెనామీని ఎక్కడ నుంచి తెస్తారు? లక్షల గుడ్లు పెట్టే రొయ్యే నిలవలేదు. గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లని కంటుంది.

చీమకుర్తి_రాయి:
గబ్బిలం దగ్గర మొదలుపెట్టి రొయ్యల చెరువులో తేలామేందబ్బా.

జువాలజీ_కావలి:
మీకు నష్టం వస్తే దానికి గబ్బిలాలేం చేస్తాయి, నేనేం చేస్తాను? అది వైరస్, ఇది బూజు. అది సాగు, ఇది అడవి జీవి. ముప్పై ఏళ్లయినా మీరు ఆ చెరువులోంచి తల బయటికి పెట్టడం లేదు. ప్రతిదానికీ రొయ్యే!

ఉప్పుటేరు95:
పెట్టను సార్. ఆ చెరువుకి రోగం ఎలా వచ్చిందో తెలిస్తే మీరూ పెట్టరు. మా పై చెరువు ముందు పోయింది. ఆయన రాత్రికి రాత్రి తూమెత్తి నీళ్లన్నీ కాలువలోకి వదిలేశాడు. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. తెల్లారి అదే కాలువలో మేం మోటారు పెట్టి నీళ్లు తోడుకున్నాం. తర్వాత అడిగితే, అంతా ప్రకృతి, మన చేతుల్లో ఏముంది అన్నాడు.

ఆ బూజు తనంతట తాను సముద్రం దాటలేదు కదా. యూరప్ నుంచి ఎవరి బూట్లకో సామాన్లకో అంటుకుని వచ్చి ఉంటుందనే కదా శాస్త్రవేత్తలు అనుకుంటున్నది? 2016లో పడమటి కొసన వాషింగ్టన్ రాష్ట్రంలో తేలింది. అప్పటిదాకా బూజు కనిపించిన చోటికి అది 2,000 కిలోమీటర్ల అవతల. గబ్బిలాలు నేర్చుకుంటే నాకు కోపమా? తెచ్చింది మనిషి. తెచ్చినవాడే పక్కకి తప్పుకుని, మేం వేలు పెట్టం, అవే సర్దుకుంటాయి అంటుంటే నాకు ఆ తూమెత్తినాయన గొంతే వినపడుతుంది.

కందుకూరు_మిరప:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. గబ్బిలాలు పోయిన జిల్లాల్లో అక్కడి రైతులు పురుగుమందు సగటున 31 శాతం ఎక్కువ కొట్టారని 2024లో ఒక పరిశోధన వచ్చింది. అవి సర్దుకునేదాకా మందు బిల్లు కట్టేది ఎవరు? ఓపిక పట్టమనడం తేలికే.

పెన్నాగట్టు (నిర్వాహకుడు):
పెద్దవాళ్లిద్దరూ కాస్త నెమ్మది. రాత్రి పదకొండైంది, పొద్దున మాట్లాడుకుందాం.

జువాలజీ_కావలి:
పొద్దుటిదాకా ఆగలేకపోయాను. గుహల్లోకి వెళ్లే పరిశోధకులు ఇప్పుడేం చేస్తున్నారో మళ్లీ చదివాను. బయటికి రాగానే బట్టలు మార్చాలి. సామాన్లు కనీసం 55 డిగ్రీల వేడినీళ్లలో ఐదు నిమిషాలు ముంచాలి. ఒక గుహలో వాడిన తాడు ఇంకో గుహకి తీసుకెళ్లకూడదు.

అది చదువుతుంటే 95 గుర్తొచ్చింది. ఆ ఏడాది ఫైనలియర్ పిల్లల్ని పదిమందిని వెంటేసుకుని నేనూ అల్లూరు వైపు చెరువులు తిరిగాను. చచ్చిన రొయ్యల్ని సీసాల్లోకి ఎత్తుకున్నాం. ఒక గట్టు దిగి ఇంకో గట్టు ఎక్కాం. అవే చెప్పులు, అదే చేతివల, అదే బకెట్. ఒక రైతు ఇంకా బతికున్న తన చెరువు చూపించి, మాకు రాకుండా ఏం చేయాలి సార్ అని అడిగితే, ఆ చెరువులోనే కాళ్లు కడుక్కుంటూ ఏదో చెప్పాను. బ్లీచింగ్ నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. నావల్ల ఎవరికి అంటిందో, అంటలేదో ఇప్పుడు తేల్చలేను.

మీ నాన్నగారి చెరువు ఎక్కడండీ?

ఉప్పుటేరు95:
ఇస్కపల్లి పోయే దారిలో, ఎడమచేతి వైపు. గట్టు మీద రెండు తాటిచెట్లుండేవి.

మీరు వచ్చింది ఏ నెలలో సార్?