డ్యూటీ సైకిల్‌కు తెలుగు మాట: ‘మినుకు’ సరిపోతుందా?

ప్రశ్న:
మైక్రోకంట్రోలర్‌తో (పరికరాలను నడిపే చిన్న కంప్యూటర్ చిప్‌తో) ఎల్‌ఈడీ కాంతిని సాఫ్ట్‌వేర్ ద్వారా హెచ్చించి తగ్గించే పద్ధతి మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అన్న పేరును అలాగే ఉంచాను గాని, డ్యూటీ సైకిల్ దగ్గర చిక్కు వచ్చింది. వత్తి దించిన దీపంలా ఎల్‌ఈడీ ఇక్కడ సన్నగా వెలగదు. వెలిగినంతసేపూ నిండుగా వెలిగి, ఆ తరువాత పూర్తిగా ఆరిపోతుంది. ఇది సెకనుకు 100 సార్లు జరిగినప్పుడు, చూసేవారికి నిలకడైన మసక వెలుగుగా తోస్తుంది. ఒక్కొక్క ఆవృత్తిలో వెలిగి ఉన్న కాలం ఎంత భాగమో చెప్పేదే డ్యూటీ సైకిల్. దీనిని ‘మినుకు’ అనవచ్చునా? దీపం మినుకుమినుకుమంటున్నదంటే వెలుగు తక్కువన్న అర్థమూ, నిలకడ లేదన్న అర్థమూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి కదా.

జవాబు:
ఊహ ముచ్చటగా ఉందండీ, కాని మినుకు కంటికి కనబడేది. ఈ పద్ధతిలో అది కనబడిందంటే ప్రోగ్రాం తప్పిందన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ఆ తప్పు దొర్లడం తేలిక. ఒక్కో ఆవృత్తిని 256 మెట్లుగా విభజించి, సెకనుకు 100 ఆవృత్తులు కావాలంటే టైమర్ ఇంటరప్టు (చేస్తున్న పనిని ఆపించి చిప్‌ను మరో చిన్న పనికి పిలిచే సంకేతం) సెకనుకు 25,600 సార్లు రావాలి. 16 మెగాహెర్ట్జ్ చిప్‌లో, అంటే సెకనుకు కోటీ అరవై లక్షల క్లాక్ సైకిళ్లు నడిచే చిప్‌లో, రెండు ఇంటరప్టుల నడుమ దొరికేవి 625 క్లాక్ సైకిళ్లే. ఈలోగా మరో ఇంటరప్టు అడ్డుపడి, ఎల్‌ఈడీని ఆర్పవలసిన క్షణం ఒక్కోసారి ఒక్కో విధంగా ఆలస్యమైతే, మసక వెలుగులో ఆ అదురు ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ‘మినుకు’ను ఆ లోపానికే అట్టిపెట్టి, డ్యూటీ సైకిల్‌కు ‘వంతు’ అనండి. ‘నాలుగో వంతు’లో అది భాగం, ‘ఇప్పుడు నీ వంతు’లో అది వరుస. 0 నుంచి 255 వరకు లెక్కపెట్టే కౌంటరు 64 కంటే తక్కువగా ఉన్నంతసేపు ఎల్‌ఈడీకి తగిలించిన పిన్ను హైలో (కరెంటు ఇచ్చే స్థితిలో) ఉంచి, మిగతా సేపు లోలో (ఇవ్వని స్థితిలో) ఉంచితే, ఎల్‌ఈడీ తన వంతు రాగానే వెలుగుతుంది, ఆ వంతు నాలుగో వంతే.

అడిగినవారు:
రెండు అర్థాలూ అమరాయి. అయితే ‘వెలుగు వంతు’ అని రాసుకుంటాను.

మరొక జవాబు:
ఒక్క సవరణ, ‘వెలుగు వంతు’ వద్దు, ‘వెలిగే వంతు’ అనండి. ‘వెలుగు’ను నామవాచకంగా చదివినవారు అది కాంతిలో భాగమనుకుంటారు, అప్పుడు 64 పెడితే నాలుగో వంతు కాంతే కనబడాలని ఎదురుచూస్తారు. వెలువడే కాంతి సగటున నాలుగో వంతే అయినా, మన చూపు ఆ నిష్పత్తిలో నడవదు గనుక అది ఇంచుమించు సగం వెలుగులా అనిపిస్తుంది. మెట్టు మెట్టుకూ సమానంగా పెరిగినట్టు కనబడాలని గామా పట్టిక (ఒక్కో మెట్టుకు ఏ అంకె పెట్టాలో చూపుకు తగినట్టు ముందే లెక్కగట్టిన పట్టిక) వేసుకునేది ఇందుకే. ‘వెలిగే’ అన్నది క్రియాజన్య విశేషణం, చూపు ఎరిగే కాంతిని కాక ఎల్‌ఈడీ వెలిగి ఉన్న కాలాన్ని పట్టుకుంటుంది. మోటారుకు వాడేటప్పుడు ‘తిరిగే వంతు’ అనడం మాత్రం కుదరదు, ఎందుకంటే కరెంటు ఆగిన క్షణంలో కూడా మోటారు తిరుగుతూనే ఉంటుంది; అక్కడ ‘కరెంటు పారే వంతు’ కూడా సందేహమే, కాయిల్‌లో కరెంటు వెంటనే ఆగదు గనుక. పిన్ను హైలో ఉండే వంతు అనడమే మేలు.

అడిగినవారు:
మోటారు పాఠం ఇంకా మొదలుపెట్టలేదండీ. ఎల్‌ఈడీ పాఠంలో మాత్రం ‘వెలిగే వంతు’గా మార్చాను.