ఇత్తడి బిళ్ళ మీద బాణం ఉంది, అది చూపించిన చోట మాత్రం ఏమీ లేదు

కొండదారి:

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉంటూ వారాంతాల్లో గుట్టలెక్కే అలవాటున్నవాణ్ణి. పోయిన నెల ఓ శిఖరం మీద కాసేపు కూర్చుందామని బండ మీద చెయ్యి ఆనిస్తే చల్లగా ఏదో తగిలింది. ఆకులు తుడిచి చూస్తే అరచేయంత ఇత్తడి బిళ్ళ, బండలోకి దిగేసి ఉంది. మధ్యలో బాణం. అంచు చుట్టూ కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వే అనే అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ పేరు, దీన్ని కదిలిస్తే 250 డాలర్ల జరిమానా లేదా జైలు అన్న బెదిరింపు. విడిగా అక్షరం అక్షరం సుత్తితో కొట్టినట్టు ఒక పేరు, దాని కింద నంబర్ 2, 1942.

ఇంటికొచ్చి వెతికితే వీటికోసమే పనిగట్టుకుని తిరిగేవాళ్ళున్నారని తెలిసింది. నాకూ పురుగు కుట్టింది. మళ్ళీ వెళ్ళి బాణం చూపించిన వైపు నలభై అడుగులు కొలిచాను, యాభై కొలిచాను. పొదలు తప్ప ఏమీ లేవు. సరే, ఇది పోనీ అని రోడ్డు పక్కనే ఉందన్న ఇంకో గుర్తు అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే, ఫోన్ నన్ను తీసుకెళ్ళి ఒక కంచె ముందు నిలబెట్టింది. గుర్తేమో కంచె అవతల పొలం మధ్యలో ఉందట! గంటన్నర తిరిగి వచ్చేశాను.

బాణం ఎందుకు తప్పు చూపించింది? ఫోన్ ఎందుకు తప్పు చూపించింది? మెటల్ డిటెక్టర్ కొనుక్కోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతటేపు:

బాణం తప్పు చూపించలేదండీ. మీకు దొరికింది తోడిపెళ్ళికొడుకు. అసలు పెళ్ళికొడుకు ఇంకా పొదల్లోనే ఉన్నాడు.

కోస్ట్ సర్వే వాళ్ళు ముఖ్యమైన స్టేషన్ (కోణాలు కొలవడానికి ఎంచుకున్న చోటి గుర్తు) ఒకటి పాతితే దాని పక్కన రెండు మూడు సాక్షి బిళ్ళలు కూడా పాతేవాళ్ళు. వాటిని రిఫరెన్స్ మార్కులంటారు. రేపు స్టేషన్ మట్టిలో కూరుకుపోయినా, ఎవరైనా పీకేసినా, వీటి దగ్గర్నుంచి కొలుచుకుని ఆ చోటు మళ్ళీ పట్టుకోవాలని ఏర్పాటు. సాక్షి బిళ్ళ మీద బాణం ఉంటుంది, అసలు స్టేషన్ మీద త్రిభుజం ఉంటుంది. మీరు చూసిన 'నంబర్ 2' అంటే రెండో సాక్షి. ఒకటో వాడు కూడా అక్కడే ఎక్కడో ఉండాలి. బాణం దిక్కు చెప్తుంది గానీ దూరం చెప్పదు. దూరం కాగితంలో ఉంటుంది. మీరు కాగితం చదవకుండా వెళ్ళారు, అంతే జరిగింది.

ఆ కాగితం పేరు డేటాషీట్. కోస్ట్ సర్వేకి వారసురాలైన నేషనల్ జియోడెటిక్ సర్వే వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతుంది. ప్రతి గుర్తుకీ రెండు అక్షరాలు, నాలుగు అంకెలతో ఒక సంఖ్య ఉంటుంది, దాంతో వెతకొచ్చు, లేదా మ్యాప్ మీద నొక్కొచ్చు. చూడ్డానికి పాత టైపు మిషన్ కాగితంలా, అన్నీ పెద్దక్షరాలతో, భయపెట్టేట్టు ఉంటుంది. పైనున్న అంకెలు వదిలేసి తిన్నగా కిందికి వెళ్ళండి. అక్కడ గుర్తును పాతినవాడు రాసిన దారి ఉంటుంది: ఫలానా కూడలి నుంచి ఇన్ని మైళ్ళు, ఫలానా గేటు దాటాక ఎడమకి, ఓక్ చెట్టుకి ఇన్ని అడుగుల తూర్పున, నేల పైకి ఇన్ని అంగుళాలు. మీ స్టేషన్‌కైతే సాక్షి బిళ్ళల దూరాలూ దిక్కులూ ఒక చిన్న పట్టీలో ఉంటాయి. ఆ దిక్కులు అసలు ఉత్తరాన్ని బట్టి ఇచ్చినవి. కంపాస్ సూది చూపించేది వేరే ఉత్తరం. ఆ తేడా సరిచేసుకోకపోతే వంద అడుగుల్లోనే మీరు పక్క పొదలో ఉంటారు.

ఫోన్ సంగతికొస్తే, తప్పు ఫోన్‌ది కాదు. డేటాషీట్‌లో అక్షాంశ రేఖాంశాల పక్కన ఒక చిన్న మాట ఉంటుంది. 'అడ్జస్టెడ్' అని ఉంటే కొలిచి లెక్కకట్టిన స్థానం, కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. 'స్కేల్డ్' అని ఉంటే ఎవరో ఆఫీసులో కూర్చుని మ్యాప్ మీద స్కేలు పెట్టి చూసి రాసిన స్థానం. దాని కచ్చితత్వం అటూ ఇటూ 6 సెకండ్లని (ఇక్కడ సెకండంటే డిగ్రీలో 3600వ వంతు) వాళ్ళే రాస్తారు. 6 సెకండ్ల అక్షాంశమంటే నేల మీద దాదాపు 600 అడుగులు. రోడ్డు పక్కనుండే బెంచ్‌మార్కులు, అంటే ఎత్తు చెప్పే గుర్తులు, చాలావరకు ఈ రకమే. పాపం పాతినవాళ్ళకి కావలసింది ఎత్తు ఒక్కటే, అది అంగుళంలో చిన్న భాగం దాకా కొలిచారు. ఎక్కడుందన్నది ఎవరూ పట్టించుకోలేదు. అందుకే మీ బిళ్ళ కంచె అవతలికి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ వెళ్ళి రోడ్డు పక్కనే, కల్వర్టు గోడల మీద చూడండి.

నా మొదటి ఏడాది ముచ్చట ఒకటి చెప్తాను. రైలు కట్ట పక్కన 1934 నాటి బెంచ్‌మార్కు. రాసిందేమో: డిపో (రైళ్ళు ఆగే చోటు) నుంచి పట్టాల వెంట ఉత్తరంగా 1.3 మైళ్ళు, కాంక్రీటు కల్వర్టు తూర్పు గోడ మీద, దక్షిణపు కొసన. మొదటిసారి ఫోన్ పట్టుకుని వెళ్ళి మీలాగే తిరిగొచ్చాను. రెండోసారి 1.3 మైళ్ళు కొలుద్దామంటే ఎక్కడ్నుంచి కొలవాలి? డిపో లేదు. పట్టాలూ లేవు, పీకేసి నడకదారి చేశారు. ఎప్పుడో కూల్చేసిన డిపో ఎక్కడుండేదో దారిలో కలిసినవాళ్ళెవరికీ తెలియదు. జియలాజికల్ సర్వే వాళ్ళ పాత టోపో మ్యాపులు (నేల ఎత్తుపల్లాలు చూపించేవి) స్కాన్ చేసి ఊరికే పెట్టారు. వాటిలో పట్టాల పక్కన చిన్న నల్ల చుక్కగా డిపో దొరికింది. మూడోసారి ఆ చుక్క ఉన్న చోట నిలబడి అక్కడ్నుంచి నడిచాను. కల్వర్టు ఉంది, గోడే కనపడదు. జానెడు మట్టి, దాని మీద గడ్డి. సన్నటి ఇనుప చువ్వతో పొడుచుకుంటూ వెళ్తే ఒక చోట టంగుమంది. మట్టి చేత్తో తీసి, బ్రష్‌తో తుడిచి, టార్చి పక్కవాటుగా వేసి చూస్తే అక్షరాలు లేచి కనపడ్డాయి. డేటాషీట్‌లో ఏ అక్షరం, ఏ అంకె, ఏ సంవత్సరం రాసుందో అదే. ఫోన్ చూపించిన చోటుకీ దానికీ ఐదొందల అడుగుల తేడా. 1934లో అక్కడ నిలబడి రాసినవాడు మాత్రం అడుగు కూడా తప్పు చెప్పలేదు.

మెటల్ డిటెక్టర్ ఇప్పుడే వద్దు. సర్వేయర్లు వాడే అయస్కాంతపు లొకేటర్ అసలే వద్దు. అది ఇనుము పక్కనే కూస్తుంది, ఇత్తడి ముందు నోరెత్తదు. ముందు వంద అడుగుల టేపులు రెండు, కంపాస్, చువ్వ, బ్రష్ చాలు. కల్వర్టు కింద చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి, పాములకి డేటాషీట్ అక్కర్లేదు. రైళ్ళు తిరిగే కట్ట మీదికి మాత్రం గుర్తు ఎంత ఊరించినా వెళ్ళకండి. ప్రమాదం సరే, అది అనుమతి లేని చోటు కూడా. పొలాల్లో ఉంటే ఇంటి తలుపు తట్టి అడగండి. నేనడిగినవాళ్ళలో సగం మంది వాళ్ళే ముందు నడిచి చూపించారు.

చెట్టునీడ:

అన్నా, ఒక మాట. ఉపగ్రహాలొచ్చాక ఈ బిళ్ళలతో పనేముంది? మ్యూజియంలో పెట్టాల్సినవి కావా?

అంకెలపిచ్చి:

పని ఉంది. జీపీఎస్ ఇచ్చే ఎత్తు భూమి ఆకారానికి దగ్గరగా గీసిన ఒక లెక్కల గుడ్డు మీద నుంచి వచ్చేది, సముద్ర మట్టం నుంచి కాదు. ఆ రెంటికీ మధ్య తేడా చోటు చోటుకీ మారుతుంది. ఆ తేడా తెలియాలంటే ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ మీద జీపీఎస్ పెట్టి చూడాల్సిందే. నేషనల్ జియోడెటిక్ సర్వే 'జీపీఎస్ ఆన్ బెంచ్ మార్క్స్' పేరుతో అదే పని చేయించింది. అంటే బిళ్ళ చోటులో ఉందో లేదో ముందు ఎవరో చూసి రావాలి.

ఇంకో సంగతి. బిళ్ళ మీద ఎత్తు చెక్కి ఉంటే అది ఇప్పటి డేటాషీట్‌తో కలవదు, కంగారు పడొద్దు. పాత ఎత్తులు 1929 నాటి లెక్క లేదా అంతకంటే పాతవి. ఆ తర్వాత వచ్చింది 1988 లెక్క. పడమటి కొండల్లో ఈ రెంటికీ మూడు నాలుగడుగుల తేడా కూడా ఉంటుంది. కొండ పెరగలేదు, పద్దు పుస్తకం మారింది.

పాతటేపు:

చెట్టునీడ గారూ, మ్యూజియంలో పెడితే అది ఇత్తడి ముక్క. బండలో ఉన్నంతవరకే గుర్తు.

ఒకసారి ఆ పని ఎలా చేశారో కూడా చూడండి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ కంటికి కనపడాలి, లేకపోతే కోణం కొలవలేరు. కొండలుంటే సరే, చదును నేలలో? 1927లో జాస్పర్ బిల్బీ అనే ఆయన విడదీసి లారీలో వేసుకెళ్ళే ఉక్కు టవర్ తయారుచేశాడు. ఒకదాని లోపల ఒకటి, రెండు టవర్లు. లోపలిదాని మీద పరికరం, బయటిదాని మీద మనుషులు. ఒకదానికొకటి తగలవు కాబట్టి మనిషి కదిలినా పరికరం కదలదు. వందడుగుల పైకెక్కి, రాత్రిళ్ళు, మైళ్ళ దూరంలో వెలిగే దీపాలను చూస్తూ కోణాలు కొలిచారు. తెల్లారాక టవర్ విప్పుకుని ఇంకో ఊరికి. మిగిలింది కింద ఉన్న ఆ బిళ్ళ ఒక్కటే. పరికరం సరిగ్గా దాని నడినెత్తిన ఉండేది. త్రిభుజం మధ్యలో చుక్క కనిపించినప్పుడల్లా నేను పైకి చూస్తాను, అక్కడేమీ ఉండదని తెలిసినా.

మన దేశంలో దానికి నూరేళ్ళకు పైగా ముందే, 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మొదలుపెట్టిన దేశపు కొలతదీ ఇదే కష్టం. 1808లో తంజావూరులో ఎత్తు కోసం కోణాలు కొలిచే అర టన్ను థియొడలైట్‌ని గుడి గోపురం మీదికి లాగబోతే తాడు తెగి గోడకి కొట్టుకుంది. బిల్బీ అప్పటికి పుడితే బాగుండేది. సరే, దారి తప్పాను.

కొండదారి:

రెండు వారాల తర్వాత చెప్తున్నాను. డేటాషీట్ తీసి చదివాను. నేను కొలిచి ఆగిపోయింది యాభై అడుగుల దగ్గర. రాసి ఉన్నది 81 అడుగులు! సిగ్గేసింది.

ఒకటో సాక్షి కూడా దొరికింది, నాచు కింద. పట్టీలో రెండు దూరాలూ ఉన్నాయి కదా అని, మా ఆవిడ ఒక బిళ్ళ దగ్గర టేపు కొస పట్టుకుంది, స్నేహితుడు ఇంకోదాని దగ్గర. నేను రెండు టేపులూ లాగి పట్టుకుని, రెండింటి అంకెలూ కలిసే చోటికి జరుక్కుంటూ వెళ్ళాను. అలా రెండు చోట్ల కలుస్తాయి, ఒకటి గాల్లో, కొండ అంచు అవతల. రెండోది జూనిపర్ పొద నట్టనడుమ. చేతులు గీరుకుపోయాయి.

లోపల కాంక్రీటు దిమ్మె ఉంది, పాతటేపు గారూ. గుండ్రటి గుంట ఉంది. అందులో బిళ్ళ లేదు. ఉలి గాట్లు కనపడుతున్నాయి. ఎవరో పెకలించుకుపోయారు. ఇప్పుడేం చెయ్యాలి? కింద తవ్వి చూడమంటారా?

పాతటేపు:

అయ్యో. 81 అడుగులు కరెక్టుగా కొలిచిన రోజే ఇది చూడాల్సొచ్చిందా.

తవ్వకండి. అలాంటి స్టేషన్లలో చాలావాటికి పై బిళ్ళకి సరిగ్గా కింద, నేలలో ఇంకో బిళ్ళ పాతి ఉంటుంది. డేటాషీట్‌లో 'అండర్‌గ్రౌండ్ మార్క్' అన్న మాట ఉందేమో చూడండి. అది ఉంటే పైది పోయినా స్థానం బతికే ఉన్నట్టు. దాన్ని తీసి చూసే పని లైసెన్సున్న సర్వేయర్‌ది. మీ చువ్వ కూడా అక్కడ దించకండి.

మీ పనల్లా రిపోర్టు. వాళ్ళ సైట్‌లో మార్క్ రికవరీ ఫారం ఉంటుంది. దిమ్మె ఫొటో దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, రెండు సాక్షి బిళ్ళల ఫొటోలు విడివిడిగా, టేపుల కొలతలతో సహా పెట్టండి. మీకు కనపడింది కనపడినట్టు రాయండి: దిమ్మె ఉంది, బిళ్ళ లేదు, ఉలి గాట్లున్నాయి, ఒకటి రెండు సాక్షులు బాగున్నాయి. 'ధ్వంసమైంది' అన్న మాట మీరు వాడకండి, అది వాళ్ళు తేల్చుకుంటారు. దొరకలేదని రాసినంత మాత్రాన వాళ్ళు పోయిందని రాయరు, మంచిదే. నేను ఒకసారి 'దొరకలేదు' అని పంపినదాన్ని మూడేళ్ళ తర్వాత ఇంకొకాయన ఇరవై నిమిషాల్లో పట్టుకున్నాడు. నేను దాని మీదే బ్యాగు పెట్టి కూర్చున్నానని ఫొటోలో తేలింది.

చెట్టునీడ:

ఆ బ్యాగు ఫొటో ఉందా అన్నా?

పాతటేపు:

ఉంది. పెట్టను.

కొండదారి:

డేటాషీట్ మళ్ళీ చదివాను. 'అండర్‌గ్రౌండ్ మార్క్' ఉంది! ఫారం ఈ రాత్రికే పంపిస్తున్నాను. శనివారం ఆ కంచె దగ్గరికి మళ్ళీ వెళ్తున్నా, ఈసారి కల్వర్టు వైపు.