అప్‌డేట్: ఆగిపోయిన ఎర్రర్ రిపోర్టులు వస్తున్నాయి

మా ఫ్లట్టర్ (మొబైల్ యాప్‌లు తయారుచేసే గూగుల్ ఫ్రేమ్‌వర్క్) యాప్‌లో స్క్రీన్ గీసేటప్పుడు వచ్చే ఎర్రర్లు క్రాష్‌లిటిక్స్‌కి (ఎర్రర్ రిపోర్టులు సేకరించే గూగుల్ ఫైర్‌బేస్ సర్వీస్) చేరుతున్నాయి కానీ, బటన్ నొక్కాక సర్వర్ కాల్‌లో వచ్చేవి చేరడం లేదని అడిగాను కదా. కారణం దొరికింది. ఫ్లట్టర్‌ఎర్రర్.ఆన్‌ఎర్రర్ అనే హ్యాండ్లర్ (ఎర్రర్ వస్తే నడిచే కోడ్) ఒక్కటే పెడితే ఫ్రేమ్‌వర్క్ పట్టుకున్నవే వస్తాయి. ఎవరూ పట్టుకోని అసింక్ ఎర్రర్ల (సర్వర్ కాల్ లాంటి, జవాబు తర్వాత వచ్చే పనుల్లోవి) కోసం ప్లాట్‌ఫామ్‌డిస్పాచర్.ఇన్‌స్టన్స్.ఆన్‌ఎర్రర్ కూడా పెట్టి, అందులో రికార్డు చేసి, చివర్లో ఎర్రర్ సంగతి చూసుకున్నామని చెప్పే ట్రూ రిటర్న్ చేయాలి. యాప్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లో ఫైర్‌బేస్ ఇనిషియలైజ్ అయ్యాక, స్క్రీన్‌ను చూపించే రన్‌యాప్ కంటే ముందు ఈ రెండూ రాశాను.

యాప్ పూర్తిగా క్రాష్ అయితే మాత్రం రిపోర్టు మళ్లీ యాప్ తెరిచినప్పుడే వెళ్తుంది. టెస్ట్ చేసేటప్పుడు ఇది తెలియకపోతే ఊరికే టెన్షన్! ఎర్రర్ మెసేజ్‌తో పాటు కస్టమర్ల ఫోన్ నంబర్లు రిపోర్టులోకి వెళ్లకుండా చూసుకోండి, ఇది చాలా ముఖ్యం. ట్రై-క్యాచ్‌లో (ఎర్రర్‌ను మన కోడే పట్టుకునే చోటు) మనమే మింగేసినవి ఈ హ్యాండ్లర్లకీ అందవు, వాటిని అక్కడే రికార్డ్‌ఎర్రర్‌తో పంపాలి. దారి చూపినవాళ్లందరికీ థ్యాంక్స్.