ఈ వారం సమస్య: షాకు కొట్టినంత చావు పోయె

నిర్వాహకుడు, కర్నూలు: మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇద్దరు మాట్లాడుకుంటుంటే చెవిన పడిన మాట. కాస్త చెక్కితే పాదమై కూర్చుంది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం అల్లాలి. షాకు తీగ కొట్టేదైనా సరే, కబురు కొట్టేదైనా సరే. చావును ఎట్లా పంపుతారో మీ ఇష్టం.

డాక్టరమ్మ, కడప:
గుండె లయను దప్పి కొట్టుమిట్టాడంగ
వైద్యు డురికి వచ్చి పలక లుంచె;
ఒక్క మీట నొక్క నొడలు కంపించంగ
షాకు కొట్టినంత చావు పోయె.

పెన్న గట్టు, అనంతపురం: అమ్మా, "కొట్టుమిట్టాడంగ" కాడే ఆగిపోయినా. సినిమాల్లో తెర మీద గీత అడ్డంగా సాగినాక పలకలు పెడతారు. మీరు గుండె ఆగిందనలేదు, లయ తప్పిందన్నారు.

డాక్టరమ్మ, కడప: అవునన్నా. పూర్తిగా ఆగిన గుండెకు ఈ షాకు పనిచెయ్యదు. కింది గదులు అదుపు తప్పి వణుకుతుంటేనే ఇస్తాం. ఆ దెబ్బకు కండరమంతా ఒక్కసారిగా సద్దుమణుగుతుంది, గుండెకున్న సొంత తాళం మళ్లీ అందుకుంటుంది. 1947లో క్లాడ్ బెక్ అనే సర్జన్ 14 ఏళ్ల పిల్లవాడికి, ఛాతీ తెరిచి ఉండగానే, ఇట్లా ప్రాణం నిలిపాడు. ఛాతీ పైనుంచే ఇవ్వొచ్చని 1956లో పాల్ జోల్ చూపించాడు. ఇంట్లో కరెంటు కొట్టి మనిషి పోయేది కూడా ఎక్కువగా ఈ వణుకుతోనే. ఆ సంగతి పద్యంలో పట్టలేదు.

గండికోట: పద్యం బాగుంది. మూడో పాదంలో "ఒ"కు "నొ" యతి ఎట్లా కుదిరింది?

నిర్వాహకుడు, కర్నూలు: నొక్కన్ + ఒడలు. ద్రుతం, అంటే చివరి "న్" మీద అచ్చు. ఆ "ఒ"నే లెక్కలోకి తీసుకుంటే స్వరయతి చెల్లుతుంది. ఇది మీకు తెలియక అడిగారనుకోను గండికోట గారూ.

ఆదోని తమ్ముడు:
చదువు మాని తిరుగు చవటకు ఫలితాలు
సున్న చూపగానె చురుకు పుట్టె;
బద్ధకమ్మె చావు, బ్రతికిపోయె నిపుడు
షాకు కొట్టినంత చావు పోయె.

గండికోట: "చావు బ్రతికి" దగ్గర "వు" గురువు కాదా?

నిర్వాహకుడు, కర్నూలు: కాదు, వేరే పదం. కానీ తమ్ముడూ, బద్ధకమే చావని నువ్వే విప్పి చెప్పేశావు. చదివేవాడికి ఏం మిగిల్చావు?

గండికోట: ఇక నాది.
ఉరికి సిద్ధమైన యొంటరి ఖైదీని
కొలువు కూటమందు నిలుపగాను
వంగి నేల తాకి వాడు సలాం బాదు
షాకు కొట్టినంత చావు పోయె.

ఆదోని తమ్ముడు: బాదుషాకు సలాం కొట్టాడు! అన్నా, దండం!

పెన్న గట్టు, అనంతపురం: విరుపు, మాటను విడగొట్టి అర్థం మార్చడం, బాగా కుదిరింది, ఒప్పుకుంటాండా. పోయిన వారం "దీపమారినంత తెల్లవారె"కు ముందు "ప్ర" తగిలించినప్పుడు ఇది లేదు. ప్రదీపమన్నా దీపమన్నా వెలిగేది ఒకటే కదప్పా, విరిచి ఏం లాభం? ఇప్పుడు అర్థమే మారిపోయింది. కాకపోతే మీ కడపను ఏలింది నవాబులు. బాదుషా ఢిల్లీలో ఉండె.

గండికోట: నా పద్యంలో కడప అని యాడుంది? ఆ "ప్ర" సంగతి ఇంకా మోస్తానే ఉండావే. సరే, నీ పద్యం పెట్టు, చూస్తా.

పెన్న గట్టు, అనంతపురం:
తడిసిన యా చేయి తగులంగ మోటారు
తక్షణమ్మె మీట తానె పడియె;
భూమిలోకి జారు పోటును గనిపెట్టి
షాకు కొట్టినంత చావు పోయె.

గండికోట: మొదటి పాదం రెండో గణం చూడు. "నయా" లగం, లఘువు మీద గురువు, ఇక్కడ చెల్లదు. ఆటవెలదిలో అడుగు పెట్టీ పెట్టగానే జారినావు. "తడిసినట్టి" అంటే సరిపోయేది.

పెన్న గట్టు, అనంతపురం: "అట్టి" ఊతపదం, నాకు వద్దు. "తడిసియున్న చేయి" అని ఉంచుతా.

ముద్దనూరు మామ: థర్మల్ స్టేషన్‌లో పనిచేసి వచ్చినోణ్ణి, ఒక మాట చెప్తా. పెన్న గట్టు పద్యంలో గట్టిదంతా "కొట్టినంత"లో ఉంది. ఈఎల్‌సీబీ, అంటే కరెంటు భూమిలోకి కారితే తానే పడే మీట, పెట్టుకుంటే షాకు తగలదని చానామంది అనుకుంటారు. తగుల్తుంది. పోయిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే చాలు, రెప్పపాటులో మీట పడుతుంది. చెయ్యి జివ్వుమంటుంది, మనిషి మిగుల్తాడు. ఫ్యూజు ఈ పని చెయ్యలేదు. అది కాలాలంటే ఆంపియర్లు కావాల, మనిషి పోవడానికి అందులో పదో వంతు చాలు. బోరు మోటరు కాడ తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా మూత తీసే ప్రతి రైతుకూ ఈ పద్యం వినిపించాల.

డాక్టరమ్మ, కడప: మామా, అట్లయితే నా పద్యం కంటే ఇదే ముందు. నా దగ్గరికి రాకుండానే ఇంటికి పోతాడు.

గండికోట: పద్యాన్ని పద్యంగా చూడాల. "గనిపెట్టి" అన్నది ఎవరు? మీటా, మోటారా? కర్త దొరకడం లేదు.

నిర్వాహకుడు, కర్నూలు: మీట. రెండో పాదంలోనే ఉంది, అన్వయం వెనక్కి పోతుంది, తప్పు కాదు. నా మట్టుకు ఈ వారం పెన్న గట్టుదే. విరుపులో గండికోట గారిని మించినవారు లేరు, కానీ ఆయన షాకును పద్యంలోంచే తరిమేశారు. పెన్న గట్టు షాకును షాకుగానే ఉంచి చావును పంపాడు, అది కష్టం.
వచ్చే వారానికి: ఫ్యూజు పోయినంత పూలు పూసె.

గండికోట: విరుపుకు సందు లేకుండా ఎంచి ఇచ్చినారు.

పెన్న గట్టు, అనంతపురం: ఉంది సామీ. వెతుకు.