చదరంగం పద్యంలో ‘పయోనిధి’ నాలుగా, ఏడా?

ప్రొద్దుటూరు నుంచి:
శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...
చదరంగం గళ్లలో 1, 2, 4, 8 అని రెట్టిస్తూ గింజలు పోస్తే వచ్చే మొత్తం ఇందులో ఉందని, ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తని మా పెదనాయన చెప్పేవాడు. విప్పుతా విప్పుతా అబ్ధి, పయోనిధి దగ్గర ఆగిపోయినా, రెండూ సముద్రమే. సప్త సముద్రాలు అంటాం కదా, రెండుచోట్లా 7 వేసుకోవాల్నా సార్?

కడప నుంచి:
లేదు నాయనా, 4 వెయ్యి. ఈ లెక్కల్లో సముద్రాలు దిక్కుకొకటి. ఏడుకు కొండలున్నాయి: నగ, భూధర, గిరి మూడూ 7. మన్మథుని బాణాలు కాబట్టి శర, సాయక 5. పద్మజుడు బ్రహ్మ, ఆయన ముఖాలు 4. దిగ్గజాలు ఎనిమిది, అందుకే కుంజరం 8. చివరి మాట నుంచి వెనక్కి చదువుకుంటూ రా: 1,84,46,74,40,73,70,95,51,615.

నేను చెప్పినానని ఒప్పుకోవద్దు, లెక్క కట్టి చూడు. 65వ గడి అంటూ ఉంటే అందులో పోసే గింజల కంటే మన మొత్తం ఒకటి తక్కువ. అంటే 64 సార్లు రెట్టించి ఒకటి తీసేయాల. ఆరుసార్లు రెట్టిస్తే 64, దాన్ని 9తో భాగిస్తే శేషం 1. కాబట్టి 60 సార్లకు కూడా శేషం 1 దగ్గరికే వస్తుంది. మిగిలిన నాలుగుసార్లకు 16, దాని శేషం 7. ఒకటి తీసేస్తే 6. ఏ సంఖ్యకైనా, దాని అంకెల మొత్తానికైనా 9తో వచ్చే శేషం ఒకటే. ఇప్పుడు పద్యంలోని అంకెలు కూడు: 87, అంటే 15, అంటే 6. సరిపోయింది. సముద్రాలకు 7 వేస్తే 93 వస్తుంది, శేషం 3. ఒక్కదానికే వేస్తే 90, శేషమే లేదు. అర్థం ఏదో నిఘంటువు కంటే ముందు ఈ సంఖ్యే తేల్చేసింది. ఇంత పక్కాగా పరీక్షకు నిలిచే పద్యాలు మనకు ఎన్ని ఉంటాయి చెప్పు!

అనంతపురం నుంచి:
అన్నా, ఇంకోటి చేర్చనీ. మొదటి 32 గళ్ల మొత్తం 4294967295. పద్యంలోని సంఖ్యను ఇది శేషం లేకుండా భాగిస్తుంది, భాగఫలం 4294967297. ఈ రెండోది ప్రధాన సంఖ్య అని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టినాడు. పూర్తిగా విడగొడితే మన సంఖ్య 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏదీ రెండోసారి రాదు. ఇప్పటి కంప్యూటర్లు ధన, రుణ గుర్తు లేకుండా 64 బిట్లలో పట్టించగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

ప్రొద్దుటూరు నుంచి:
ఇప్పుడు తేటపడింది. ఏడుకు మూడు వేరువేరు మాటలెందుకు సార్? గిరి ఒక్కటే వాడొచ్చు కదా?

కడప నుంచి:
ఇది చంపకమాల. ప్రతి పాదంలో రెండో అక్షరానికి ఒకే హల్లు ఉండాల, అదే ప్రాస; ఇక్కడ అది ‘ర’. ‘శర’తో మొదలుపెట్టినాడు కాబట్టి ‘భూ’ను పైపాదంలో వదిలి ‘ధర’ను కిందికి దించినాడు. ‘కుంజర’ను కూడా అట్లే విరిచినాడు. అక్కడ ‘గిరి’ పెడితే ప్రాస నిలిచినా పైపాదం చివర ఒక అక్షరం తక్కువై గణం చెడుతుంది. అంకె మారకుండా అక్షరం మార్చుకునే వీలు పర్యాయపదాలతోనే వచ్చింది. ‘వియన్నగాగ్ని’ని మాత్రం వియత్, నగ, అగ్ని అని మూడుగా విడదీయి, 0, 7, 3. అక్కడ సున్నా జారిపోతే 19 అంకెలే మిగుల్తాయి, 9 పరీక్ష దాన్ని పట్టలేదు. 20 ఉన్నాయో లేదో ముందే లెక్కపెట్టుకో.