నాచు పెరిగితే చేపలో పాదరసం తగ్గుతుందా, పెరుగుతుందా?

మాది కొత్తపట్నం దగ్గర పల్లె. మొన్న అల వెనక్కి పోయాక ఇసుక మీద పచ్చటి జిగురు మిగిలింది, అప్పట్నుంచీ ఒక డౌటు. నీళ్లలో ఉన్న పాదరసాన్ని కొన్ని బ్యాక్టీరియాలు మిథైల్ మెర్క్యురీగా (ఒంట్లో పేరుకుపోయే విషపు రూపం) మారుస్తాయని, దాన్ని సూక్ష్మ నాచు పీల్చుకుంటే చిన్న చేప, కానాగంత, చివరికి వంజరం, సొర దాకా మెట్టుమెట్టుకీ ఎక్కువవుతుందని చదివాను. సరే, మరి నాచు ఒక్కసారిగా విపరీతంగా పెరిగితే ఉన్న పాదరసమే ఎక్కువ కణాలకు పంచుకుపోయి ఒక్కోదాంట్లో తగ్గాలి కదా? కానీ అదే నాచు చచ్చి అడుగున కుళ్లితే ఆక్సిజన్ అయిపోయి ఆ బ్యాక్టీరియాకి పండగేనట. మిథైల్ మెర్క్యురీని విడగొట్టే బ్యాక్టీరియా కూడా ఉందంటారు. మా తీరం లాంటి చోట ఏది గెలుస్తుంది? చెల్లెలు కడుపుతో ఉంది, రోజూ వంజరం పులుసే కావాలంటోంది. మానిపించి కవళ్ల లాంటి చిన్న చేపలు పెట్టమంటారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.